కొలరాడో మంచుకు పట్టిన ఎర్ర దుమ్ము

ఏప్రిల్ నెలలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నైరుతి మూలనున్న శాన్ జువాన్ పర్వతాల మీద మంచు తెల్లగా ఉండాలి. చాలా ఏళ్లలో ఉండట్లేదు. పసిఫిక్ వైపు నుంచి చలిగాలి దూసుకొచ్చే ముందు రోజు నైరుతి నుంచి వేడిగా, బలంగా గాలి వీస్తుంది. యూటా, అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో రాష్ట్రాలు కలిసే ఆ ఎండు పీఠభూమి మీది సన్నటి మట్టిని లేపి, వందల కిలోమీటర్లు మోసుకొచ్చి, ఈ కొండల మీద దించేస్తుంది. మర్నాటికి మంచు గోధుమ రంగులోకో, ఇటుక రంగులోకో మారిపోతుంది. ఆ నేలలో ఇనుము ఆక్సైడ్లు ఎక్కువ, అందుకే ఆ ఎరుపు. (వేసవిలో కొన్ని మంచు కొండల మీద కనిపించే గులాబీ రంగు వేరే సంగతి, అది మంచులో బతికే ఒకరకం నాచు వల్ల వస్తుంది. ఆ రెంటినీ కలిపేయకూడదు.)

చూడ్డానికి బాగోలేదన్నంతలో తేలిపోయే వ్యవహారం కాదిది. సుమారు 4 కోట్ల మందికి ఆధారమైన కొలరాడో నదిలోకి నీళ్లు ఎప్పుడు రావాలి, ఎన్ని రావాలి అన్నదాంట్లో ఈ దుమ్ముకి పెద్ద చెయ్యి ఉంది. మంచు తొందరగా కరిగిపోతోందంటే అందరం వెంటనే వేడెక్కుతున్న వాతావరణం వైపే చూస్తాం. అది నిజమే, కానీ ఈ కొండల్లో అదొక్కటే నిజం కాదు. పైగా ఈ దుమ్ములో చాలా భాగం మనుషులు చేతులారా లేపినది. అందుకే దీని గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి, ఎందుకంటే లేపినవాళ్లు తల్చుకుంటే తగ్గించగలరు కూడా.

ముందు మంచు ఎలా కరుగుతుందో చూద్దాం. గాలి వెచ్చబడితే మంచు కరుగుతుందని అనుకోవడం సహజం. కానీ చెట్లు లేని ఎత్తయిన కొండల మీద, వసంతంలో, మంచుని కరిగించే శక్తిలో సింహభాగం నేరుగా ఎండ నుంచే వస్తుంది. తాజాగా పడ్డ శుభ్రమైన మంచు కంటికి కనిపించే వెలుగులో 90 శాతానికి పైగా తిప్పి పంపేస్తుంది, అందుకే ఏప్రిల్ ఎండ మాడుస్తున్నా అది నిబ్బరంగా ఉండగలుగుతుంది. దాని మీద పల్చగా దుమ్ము పడితే తిరిగి వెళ్లే వెలుగు సగానికి, బాగా మురికిపట్టిన ఏడాదైతే అంతకన్నా తక్కువకి పడిపోతుంది. మిగతాదంతా మంచులోకే దిగుతుంది. వేసవి రాగానే డాబా మీద సున్నం కొట్టించుకునేవాళ్లకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడితో ఆగదు. దుమ్ము పీల్చుకున్న వేడికి మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని లావెక్కుతాయి. లావైన రేణువులు కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా ఎక్కువగా పీల్చుకుంటాయి. అంటే దుమ్ము తాను నేరుగా పట్టే ఎండ ఒకటి, మంచు స్వభావాన్నే మార్చి పట్టించే ఎండ ఇంకొకటి.

ఇంకో చిక్కు ఉంది, అసలు దెబ్బ అక్కడే. దుమ్ము పడ్డాక మళ్లీ మంచు కురిస్తే అది కిందకి కప్పబడిపోతుంది, పైన తెల్లగానే కనిపిస్తుంది. మార్చిలో దుమ్ము, దాని మీద మంచు, ఏప్రిల్‌లో మళ్లీ దుమ్ము, మళ్లీ మంచు. ఇలా ఒక్క శీతకాలంలోనే పొరలు పొరలుగా పేరుకుంటుంది. గొయ్యి తవ్వి చూస్తే పక్క గోడ మీద గోధుమ రంగు చారలు వరుసగా కనబడతాయి. సిల్వర్టన్ అనే చిన్న ఊళ్లో ఉన్న మంచు, హిమపాతాల అధ్యయన కేంద్రం వాళ్లు రెడ్ మౌంటెన్ కనుమ దగ్గర సెనేటర్ బెక్ అనే లోయలో 2000 దశకం మొదటి నుంచీ ఈ చారల్ని లెక్కపెడుతున్నారు. ఏ ఏడాదికా ఏడాది వచ్చిన దుమ్ము పొరలకి డీ1, డీ2, డీ3 అంటూ పేర్లు పెడతారు. 2009లో ఆ లెక్క 12 దాకా వెళ్లింది.

ఇక కరగడం మొదలయ్యాక ఏమవుతుందంటే, పై మంచు నీరై కిందకి ఇంకిపోతుంది, దుమ్ము మాత్రం చాలా మటుకు దాంతోపాటు దిగదు, పైనే ఉండిపోతుంది. మొదటి చార బయటపడుతుంది, కాస్త కరగగానే రెండోది దానికి తోడవుతుంది, తర్వాత మూడోది. మే నెలకి శీతకాలం మొత్తం మీద పడ్డ దుమ్మంతా ఒకే పొరగా నెత్తికెక్కి కూర్చుంటుంది. సరిగ్గా సూర్యుడు నడినెత్తికి వచ్చి, పగళ్లు పొడుగ్గా ఉండే రోజుల్లో. ఇంత చెడ్డ సమయం దానికి ఏడాది మొత్తంలో ఇంకోటి దొరకదు. ఒక ఏడాది దుమ్ము ఎంత పడిందన్నది ఎంత ముఖ్యమో, చివరి మంచు ఎప్పుడు పడి దాన్ని ఎన్నాళ్లు కప్పి ఉంచిందన్నదీ అంతే ముఖ్యం.

దీన్ని కొలిచి చూపించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది థామస్ పెయింటర్ అనే మంచు శాస్త్రవేత్త పేరు. ఆయన బృందం 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం, దుమ్ము వల్ల ఆ లోయలో మంచు 18 నుంచి 35 రోజులు ముందే మాయమవుతోంది. తర్వాత మెకెంజీ స్కైల్స్ ముందుండి చేసిన పని, మరికొన్ని ఏళ్ల కొలతలు కలుపుకుని, ఆ సంఖ్యని 21 నుంచి 51 రోజుల దాకా తీసుకెళ్లింది. ఎక్కువలో ఎక్కువ నెలా పదిహేను రోజుల పైమాటే! ఒక్క దుమ్ము వల్ల.

2018లో పెయింటర్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. వసంతంలో ఆ కొండల నుంచి దిగే నదుల్లో నీటిమట్టం ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, ఆ వేగానికి కారణం గాలి వేడిమా, దుమ్మా అని లెక్కతీశారు. దుమ్ము ఎక్కువగా ఉన్న ఏడాది ప్రవాహం నిటారుగా లేచింది, తక్కువగా ఉన్న ఏడాది నెమ్మదిగా పెరిగింది. వసంతకాలపు ఉష్ణోగ్రతలకీ ఆ వేగానికీ మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. దశాబ్దాలుగా నదీ ప్రవాహాల అంచనాలన్నీ ఉష్ణోగ్రత చుట్టూ తిరుగుతూ వచ్చాయి కాబట్టి ఇది చిన్న మాట కాదు.

మంచు ముందు కరిగితే మాత్రం నష్టమేంటి, నీళ్లు ఎటూ నదిలోకే కదా వచ్చేది అనిపించవచ్చు. అన్నీ రావు. మంచు త్వరగా పోయిన చోట నేల త్వరగా బయటపడుతుంది, మొక్కలు త్వరగా చిగురించి నీళ్లు తాగడం మొదలెడతాయి, తడి నేల నుంచి ఆవిరి పోవడం కూడా అన్నాళ్లు ముందే మొదలవుతుంది. 2010లో పెయింటర్, ఆయన సహచరులు వేసిన అంచనా ఏంటంటే, 19వ శతాబ్దం మధ్య నుంచి పెరిగిన దుమ్ము వల్ల కొలరాడో ఎగువ పరీవాహకంలో, అరిజోనాలోని లీస్ ఫెర్రీ దగ్గర కొలిచే ఏడాది ప్రవాహంలో సగటున 5 శాతం దాకా తగ్గిపోయింది, ప్రవాహం పతాక స్థాయికి చేరే రోజు సుమారు మూడు వారాలు ముందుకు జరిగింది. 5 శాతమేగా అనుకోవద్దు. మన టీఎంసీల్లో చెప్పుకుంటే అది 30కి పైనే. పులిచింతల జలాశయం నిండితే పట్టేది 45 టీఎంసీల పైచిలుకు, అందులో మూడింట రెండొంతులు ఏటేటా గాల్లో కలిసిపోతున్నట్టు. నెవాడా రాష్ట్రానికి, అంటే లాస్ వేగాస్ నగరం సహా, ఆ నదిలో ఉన్న ఏడాది వాటాకి ఇది రెట్టింపు కంటే ఎక్కువ.

ఏడు రాష్ట్రాలు 1922లో ఒప్పందం రాసుకుని పంచుకున్న నది ఇది, తర్వాత 1944 ఒడంబడికతో మెక్సికోకీ వాటా వచ్చింది. పంచుకున్న రోజున ఉందనుకున్న నీళ్లు నిజంగా లేవన్న సంగతి అందరికీ తెలిసిందే, అందులో ప్రతి టీఎంసీకీ కోర్టులూ చర్చలూ నడుస్తున్నాయి. ఫీనిక్స్‌లో, దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల కుళాయిల్లోకి వచ్చేదాంట్లో కొంత భాగం ఈ నీరే. కృష్ణా గోదావరులకి వాన ఎలాగో కొలరాడోకి మంచు అలాగ. ఒక తేడా ఏంటంటే, అక్కడ కొండ మీద పేరుకున్న మంచే మొదటి జలాశయం, మనిషి కట్టినవన్నీ ఆ తర్వాతే. శీతకాలమంతా దాచి, జూన్, జూలైల్లో పైర్లకి అవసరమైనప్పుడు మెల్లగా వదిలే జలాశయం. దుమ్ము పడితే దాని తలుపులు ముందే తెరుచుకుంటాయి.

దిగువన మీడ్, పావెల్ లాంటి భారీ జలాశయాలున్నచోట మూడు వారాల తేడాని ఎలాగోలా సర్దుకోవచ్చు. ఎగువన, కొండల పాదాల దగ్గర, సొంత ఆనకట్ట లేకుండా వాగులోంచి పిల్లకాలువ తీసుకుని గడ్డీ లూసర్నూ పండించే రైతుకి ఆ సర్దుబాటు లేదు. నీళ్లు ఉరకలేస్తూ వచ్చేసరికి పొలం ఇంకా చల్లగా ఉంటుంది, పైరు తాగే దశకి రాదు. పైరు ఎదిగి దాహమేసే నాటికి కాలువ సన్నబడిపోతుంది. ఈ విషయంలో నగరాల కుళాయిల గురించి రాసినంతగా ఈ రైతుల గురించి ఎవరూ రాయరు. ముందు దెబ్బ తినేది వీళ్లే.

అంచనాల సంగతి కూడా చూడాలి. ఏ జలాశయంలోంచి ఎప్పుడు ఎంత వదలాలన్నది సాల్ట్ లేక్ సిటీలో ఉన్న కొలరాడో నదీ పరీవాహక అంచనా కేంద్రం చెప్పే ముందస్తు లెక్కల మీద ఆధారపడుతుంది. అక్కడి పాత పద్ధతిలో మంచు కరుగుదలని గాలి ఉష్ణోగ్రతతో లెక్కగట్టేవాళ్లు. కొండల మీద ఏర్పాటు చేసిన ప్రభుత్వ యంత్రాలు మంచు బరువెంతో చెబుతాయి, దాని రంగేంటో చెప్పవు. దాంతో దుమ్ము ఎక్కువైన ఏడాది నీళ్లు అనుకున్నదానికంటే ముందే ముంచుకొచ్చేవి, శుభ్రంగా ఉన్న ఏడాది ఆలస్యమయ్యేవి. అంచనా ఎంత తప్పుతోందన్నది దుమ్ము మోతాదుతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉందని 2013లో ఒక అధ్యయనం చూపించింది. ఇప్పుడు ఉపగ్రహాలు మంచు ఎంత మసకబారిందో పైనుంచి చూసి చెబుతున్నాయి. 2013 నుంచి విమానంలో లేజర్ పరికరాలూ, రంగుల్ని విడదీసి చూసే కెమెరాలూ పెట్టి కొండకొండకీ మంచు లోతు, దాని మెరుపు కొలవడం మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది కూడా పెయింటరే, అప్పట్లో ఆయన నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఉన్నారు.

సరే, ఈ దుమ్ము ఎప్పుడూ ఉన్నదేనా? దీనికి జవాబు శాన్ జువాన్ కొండల్లోని చెరువుల అడుగున దొరికింది. వేల ఏళ్లుగా ఏటేటా పేరుకున్న బురదని గొట్టంతో నిలువునా తీసి, ఏ పొర ఏ కాలందో తేల్చి, అందులో ఎంత భాగం బయటి నుంచి గాలి మోసుకొచ్చిందో జేసన్ నెఫ్ బృందం విడదీసింది. 2008లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, 19వ శతాబ్దంలో తెల్లవాళ్లు పశ్చిమానికి వచ్చి స్థిరపడ్డాక అక్కడ పడే దుమ్ము, అంతకుముందు వేల ఏళ్ల సగటు మీద 500 శాతం పెరిగింది. అది 20వ శతాబ్దం మొదట్లో తారస్థాయికి చేరింది. పెద్ద పెద్ద కరువులు ఆ ప్రాంతానికి కొత్త కాదు, అంతకుముందు కూడా ఎన్నో వచ్చాయి, కానీ చెరువు బురదలో దుమ్ము ఇలా ఎగబాకలేదు. కొత్తగా వచ్చినవి రైలు మార్గాలు, వాటితో పాటు లెక్కకు మించిన పశువుల, గొర్రెల మందలు.

ఆ నేల సంగతి తెలిస్తే మందలకీ దుమ్ముకీ ముడి ఎక్కడుందో అర్థమవుతుంది. ఆ పీఠభూమిలో మొక్కకీ మొక్కకీ మధ్య ఖాళీగా కనిపించే చోట నిజానికి ఖాళీ లేదు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, రాళ్ల మీద పొలుసుల్లా పట్టే లైకెన్లు, నాచు కలిసి మట్టి రేణువుల్ని జిగురు దారాలతో కుట్టి, ముదురు రంగులో గరుగ్గా ఉండే ఒక బతికున్న పొరని పరుస్తాయి. ఈ పొర చెక్కుచెదరకుండా ఉంటే ఎంత గాలి వీచినా మట్టి లేవదు. గాలికి, ఎండకి, కరువుకి తట్టుకునే ఆ పొర గిట్టకి మాత్రం తట్టుకోలేదు. బూటుకి, టైరుకి అసలే తట్టుకోలేదు. ఒకసారి నలిగిందంటే సయనోబాక్టీరియా కొన్నేళ్లలో కోలుకోవచ్చు గానీ లైకెన్లు, నాచు తిరిగి పట్టడానికి దశాబ్దాలు కావాలి. యూటాలోని మోవబ్ ఊరి చుట్టూ ఉన్న జాతీయ పార్కుల్లో బండరాయి మీదో, ఉన్న కాలిబాట మీదో తప్ప అడుగు పెట్టొద్దని సందర్శకుల్ని అంతగా బతిమాలుకునేది ఇందుకే. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన జేన్ బెల్నాప్ దశాబ్దాల పాటు ఈ పొర మీదే పని చేశారు.

కాన్యన్‌లాండ్స్ పార్కులో వర్జీనియా పార్క్ అని ఒక చోటుంది. చుట్టూ రాతి గోడలు కాబట్టి అందులోకి పశువులు ఎప్పుడూ వెళ్లలేకపోయాయి. దాని పక్కనే, అదే రాయి, అదే వాన ఉండి, ఒకప్పుడు పశువులు మేసిన నేల ఉంది. అక్కడ మేత ఆపేసి అప్పటికే 30 ఏళ్లు దాటాక రెండు చోట్లా మట్టి పరీక్షించారు. మేసిన నేలలో సన్నటి ఒండ్రు మట్టి 38 నుంచి 43 శాతం తక్కువ తేలింది, మొక్కలకి కావాల్సిన ఖనిజాలు కూడా తగ్గాయి. ఆ పోయిన మట్టి ఎటు పోయింది? గాలిలో లేచి, గాలివాటున ఉన్న కొండల వైపు. పశువుల కాపరులకి మేత నేల పోయింది, దిగువ రైతులకి నీళ్లు పోయాయి, రెండు నష్టాలకీ మూలం ఒకే గుప్పెడు మట్టి. మొత్తం ఈ కథలో ఈ ఒక్క పోలిక చాలు, మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

నిందంతా గొర్రెల మీదకీ ఆవుల మీదకీ నెట్టేస్తే అన్యాయం. తాతల నాటి మందలు మొదలుపెట్టినదాన్ని ఈనాటి పనులు కొనసాగిస్తున్నాయి. చమురు, గ్యాస్ బావుల కోసం వేసిన మట్టి రోడ్లు, వదిలేసిన మెట్ట చేలు, సరదాకి దారి లేనిచోట తోలే బళ్లు, అన్నీ ఆ పొరని చీలుస్తున్నవే. 2007లో యూటాలో మిల్‌ఫర్డ్ ఫ్లాట్ కార్చిచ్చు 3.6 లక్షల ఎకరాలకు పైగా తగలబెట్టింది. కాలిన ఆ నేల తర్వాత కొన్నేళ్ల పాటు ఉత్తరాన ఉన్న వాసాచ్ పర్వతాలకి దుమ్ము పంపింది. అదే వాసాచ్ పక్కన గ్రేట్ సాల్ట్ లేక్ అనే పెద్ద ఉప్పునీటి చెరువు ఎండిపోతోంది, ఎందుకంటే దానిలోకి రావాల్సిన నీళ్లని పైన పొలాలకీ ఊళ్లకీ మళ్లించేస్తున్నారు. బయటపడ్డ చెరువు అడుగు నుంచి కూడా దుమ్ము లేస్తోంది. 2022లో వాసాచ్ మంచు మీద రికార్డు స్థాయిలో దుమ్ము పడిందని, దాంతో మంచు 17 రోజులు ముందే పోయిందని అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. నీళ్లు మళ్లిస్తే చెరువు ఎండింది, ఎండిన చెరువు దుమ్మై కొండెక్కి మంచుని కరిగించింది.

ప్రపంచంలో ఇంకా చాలాచోట్ల ఇలాంటివి జరుగుతున్నాయి. 2018 మార్చిలో రష్యాలోని సోచి దగ్గర స్కీయింగ్ చేసేవాళ్లు నారింజ రంగు మంచు మీద జారుతున్న ఫొటోలు అందరూ చూసే ఉంటారు. 2021 ఫిబ్రవరిలో ఆల్ప్స్, 2022 మార్చిలో పిరనీస్ కొండలు అదే రంగులోకి మారాయి. ఆ దుమ్ము సహారా నుంచి వచ్చింది. సహారా దుమ్ములో అధిక భాగం సహజమే, మనుషులు లేని కాలంలోనూ లేచేది, కాబట్టి దాన్నీ కొలరాడో దుమ్మునీ ఒకే గాటన కట్టడం తప్పు. మన హిమాలయాలది మరో పరిస్థితి. అక్కడ మంచు నల్లబడ్డం అనగానే పొయ్యిల, డీజిల్ ఇంజిన్ల మసి గురించే ఎక్కువగా వింటాం. కానీ చందన్ సారంగి ముందుండి రాసిన 2020 నాటి అధ్యయనం, సుమారు 4,500 మీటర్లు దాటిన ఎత్తుల్లో మసి కంటే దుమ్ము ప్రభావమే ఎక్కువని చూపించింది. ఆయన తర్వాత మద్రాసు ఐఐటీలో చేరారు. ఆ దుమ్ము థార్ నుంచే కాదు, అరేబియా ఎడారుల నుంచి, ఆఫ్రికా నుంచి కూడా వస్తుంది. ఇన్ని దేశాలు దాటి వచ్చే దుమ్ముని ఏ ఒక్క ప్రభుత్వమూ ఆపలేదు.

కొలరాడోకి ఆ ఇబ్బంది లేదు. దుమ్ము లేచే నేల, అది పడే కొండ, కరిగిన నీళ్లు తాగే ఊళ్లు చాలా వరకు ఒకే దేశంలో ఉన్నాయి. లేచే నేలలో పెద్ద భాగం ప్రభుత్వ భూమి, నవాహో తదితర ఆదివాసీ జాతుల భూమి. ఒకసారి చేసి చూపించారు కూడా. 1934లో టేలర్ మేత చట్టం వచ్చి, ప్రభుత్వ భూముల్లో ఎవరు ఎన్ని పశువుల్ని తోలుకోవచ్చో హద్దు పెట్టాక, చెరువు బురదలో దుమ్ము పొరలు పల్చబడ్డాయి. పాత స్థాయికి పూర్తిగా దిగలేదు గానీ తగ్గాయి. నదిని కాపాడాలని చేసిన చట్టం కాదది, మేత నేలని కాపాడుకోవాలని చేసినది, అయినా మంచుకి మేలు చేసింది.

వేడి పెరుగుతున్న కాలంలో దీని విలువ ఇంకా ఎక్కువ. 2013లో జెఫ్రీ డీమ్స్, ఆయన సహచరులు దుమ్మునీ వేడినీ కలిపి లెక్కలు వేశారు. 2009, 2010ల్లో పడ్డంత దుమ్ము గనక ఏటా పడితే, ప్రవాహం పతాక స్థాయికి చేరడం మామూలు దుమ్ము ఏళ్ల కంటే కూడా ఇంకో మూడు వారాలు ముందుకి జరుగుతుంది, అంటే శుభ్రమైన మంచుతో పోలిస్తే ఆరు వారాలు. అదే దుమ్ముని తగ్గించగలిగితే, వాతావరణం వేడెక్కినా మంచు కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది, వేడి చేసే నష్టంలో కొంత పూడుతుంది. గాల్లోకి వెళ్లిన బొగ్గుపులుసు వాయువు శతాబ్దాల పాటు ఉంటుంది, దాన్ని తగ్గించడానికి ప్రపంచమంతా ఒప్పుకోవాలి. దుమ్ము అలా కాదు, ఈ ఏడాది లేవకపోతే వచ్చే మే నెలలోనే ఆ తేడా మంచు మీద కనిపిస్తుంది.

చేయాల్సినవి పెద్ద పెద్ద ఆనకట్టల్లాంటివేం కావు. నేల పొడిగా, పెళుసుగా ఉండే కాలంలో మందల్ని అక్కణ్ణించి తప్పించడం, కరువు ఏళ్లలో పశువుల సంఖ్య తగ్గించడం, దాని వల్ల నష్టపోయే కాపరికి పరిహారం ఇవ్వడం, దారి తప్పి తోలే బళ్లకి కచ్చితమైన హద్దులు గీయడం, పనైపోయిన బావుల రోడ్లని మూసి నేలని మళ్లీ గట్టిపడనివ్వడం. సయనోబాక్టీరియాని నర్సరీల్లో పెంచి, పాడైన నేల మీద చల్లి చూసే ప్రయోగాలు అరిజోనాలో జరుగుతున్నాయి, కానీ అది ఎకరాల లెక్కలో సాగే పని, పాడైన నేల లక్షల ఎకరాలు. కాబట్టి పోయినదాన్ని తిరిగి పెంచడం కంటే ఉన్న పొరని తొక్కకుండా చూసుకోవడమే చవక. దీనికయ్యే ఖర్చుని కాపరి ఒక్కడి మీదే వేస్తే ఏదీ కదలదు. ఆ నీళ్లు తాగే నగరాలు, కొత్త జలాశయాలకీ పైపులకీ పెట్టే డబ్బులో కొంత, తమకి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఎండు నేల మీద కూడా పెట్టాలి.